కొండదారిలో టైరు పోతే: ఊరు చేరేదాకా ఏం చేయాలి, ఏం చేయకూడదు

కార్తీక మాసం దగ్గర పడుతోందంటే మన సంఘాలన్నింటిలో వన సమారాధన లెక్కలు మొదలవుతాయి. కోరాపుట్, జయపురం, సునాబెడ, రాయగడల్లో ఉన్న మన కుటుంబాలకు ఉసిరి చెట్టు కోసం పెద్దగా వెతుక్కోనక్కరలేదు. ఊరు దాటితే కొండ, కొండెక్కితే అడవి. వంట సామాను, చాపలు, పెద్దలకు కుర్చీలు, పిల్లలకు బంతి, అన్నీ జాబితా రాసుకుని బయలుదేరతాం. ఆ జాబితాలో బండి టైరుకు సంబంధించిన వస్తువు ఒక్కటీ ఉండదు. మాకూ ఉండేది కాదు. ఒక సాయంత్రం అనుభవించాకే చేర్చుకున్నాం.

మూడేళ్ల కిందట దేవమాలి వైపు గుట్టల్లో ఒక వాగు పక్కన సమారాధన పెట్టుకున్నాం. తారు రోడ్డు వదిలాక కొన్ని కిలోమీటర్లు రాళ్ల దారి. మూడు బళ్లు, పంతొమ్మిది మందిమి. భోజనాలయ్యాక సాయంత్రం నాలుగింటికి తిరుగు ప్రయాణంలో మా బొలెరో వెనక చక్రం మెత్తబడింది. తుప్పలు నరికినప్పుడు మిగిలిన మొడ్డు ముక్క ఒకటి టైరులో దిగింది. స్టెప్నీ ఉంది కదా అని ఎవరూ కంగారు పడలేదు. వెనక తలుపుకు తగిలించిన స్టెప్నీ కవరు తీసి బొటనవేలితో నొక్కితే లోపలికి దిగిపోయింది. రెండేళ్లుగా ఆ కవరు తీసి గాలి చూసినవాళ్లు లేరు. పక్క బండి స్టెప్నీ తీస్తే దాని బోల్టు రంధ్రాలు మా చక్రానికి సరిపడలేదు. ఫోనుకు సిగ్నల్ లేదు. మాతో వచ్చిన డెబ్బై దాటిన పిన్నిగారి సాయంత్రం ఇన్సులిన్ ఇంట్లో ఫ్రిజ్‌లో ఉంది.

ఆఖరికి పై ఊరి కుర్రాడు ఒకడు మోటారు సైకిల్ మీద వస్తూ ఆగాడు. "ఇంత పెద్ద బండికి పంపు లేదా?" అని దేశియాలో అడిగాడు. ఊళ్లోకి వెళ్లి తన కాలి పంపు తెచ్చాడు. మగవాళ్లమందరం వంతులేసుకుని తొక్కితే స్టెప్నీకి గాలి ఎక్కింది. ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర. పిన్నిగారికి ఏమీ కాలేదు గానీ, కాకపోవడం మా గొప్ప కాదు. మర్నాడు పంచర్ షాపులో ఆ టైరు చూసిన మేస్త్రి చక్రం విప్పకుండానే పది నిమిషాల్లో పంచర్ వేసేశాడు. ఐదు గంటలు మేము కూర్చున్నది ఆ పది నిమిషాల పని కోసం.

అప్పటి నుంచి మేము నేర్చుకున్నది, షాపు మేస్త్రులను అడిగి తెలుసుకున్నది, మా సభ్యులకు చేసి చూపించినది ఇక్కడ రాస్తున్నాం. సండూరు గుట్టలకు వెళ్లే బళ్లారి వాళ్లకైనా, జవ్వాది కొండలెక్కే వాళ్లకైనా, సిరోంచ అడవి దారుల్లో తిరిగేవాళ్లకైనా ఇది ఒకటే. మొత్తం విషయంలో గుర్తుంచుకోవలసిన మాట కూడా ఒక్కటే. దారిలో మనం చేసేది బాగుచేత కాదు, పంచర్ షాపు దాకా చేరే ఏర్పాటు. ఈ తేడా మరచిపోతే ఏమవుతుందో చివరలో చెబుతాం.

ముందుగా టైరును చదవడం

ఇప్పటి జీపులకు, బొలెరోలకు, థార్‌లకు ఎక్కువగా ట్యూబ్‌లెస్ టైర్లు వస్తున్నాయి. లోపల ట్యూబు ఉండదు. టైరు అంచును బీడ్ అంటారు. అది చక్రం రిమ్ముకు గట్టిగా అతుక్కుని గాలిని పట్టి ఉంచుతుంది. మేకు దిగినా చాలాసార్లు రబ్బరు దాని చుట్టూ బిగుసుకుని ఉంటుంది కాబట్టి గాలి నెమ్మదిగా పోతుంది. పాత జీపుల్లో ట్యూబు ఉండేది. మేకు దిగితే నిమిషంలో చక్రం నేల మీద కూర్చునేది. టైరు విప్పి, ట్యూబు లాగి, నీళ్లలో ముంచి బుడగ చూసి, ప్యాచ్ వేయాల్సి వచ్చేది. ఆ కష్టం ట్యూబ్‌లెస్‌తో చాలావరకు తప్పింది.

టైరుకు మూడు భాగాలున్నాయని అనుకుందాం. నేలను తాకే గళ్ల భాగం ట్రెడ్. పక్కన నిలువుగా కనిపించేది సైడ్‌వాల్. ఈ రెండూ కలిసే మలుపు భుజం. ట్రెడ్ కింద ఉక్కు తీగల పట్టీలు ఉంటాయి, అది మందం. సైడ్‌వాల్ పలుచన, దానిలో బట్టలాంటి దారాల పొర ఉంటుంది. బండి కదిలినంతసేపూ అది వంగుతూ లేస్తూ ఉంటుంది. అందుకే ట్రెడ్‌లో పడిన చిల్లు మూసుకుంటుంది, సైడ్‌వాల్‌లో పడిన చీలిక తెరుచుకుంటుంది.

సైడ్‌వాల్ మీద డాట్ అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే ఆ టైరు 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. పెళ్లి కార్డు చూసినంత జాగ్రత్తగా ఒకసారి మీ టైర్ల అంకెలు, ముఖ్యంగా స్టెప్నీ అంకెలు చూడండి. ట్రెడ్ గాళ్ల మధ్య అక్కడక్కడ చిన్న దిమ్మలు ఉంటాయి. గళ్లు అరిగి ఆ దిమ్మలతో సమానమైతే లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చిందన్నమాట. అలాంటి టైరుతో తారు రోడ్డే ప్రమాదం, రాళ్ల దారి మాట చెప్పనక్కరలేదు.

స్టెప్నీ ఉందో లేదో చూసుకోండి

ఈ మాట వింతగా ఉండవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2020లో మోటారు వాహనాల నిబంధనల్లో ఒక మార్పు చేసింది. ట్యూబ్‌లెస్ టైర్లు, టైరు గాలి తగ్గితే చెప్పే మీటరు, పంచర్ కిట్ ఇచ్చిన చిన్న ప్రయాణికుల వాహనాలకు స్టెప్నీ తప్పనిసరి కాదన్నారు. కాబట్టి కొత్త బండి కొన్నవాళ్లు డిక్కీ కింద స్టెప్నీ ఉందనుకుని కొండెక్కకండి, ఒకసారి తెరిచి చూడండి. కొన్ని బళ్లలో మిగతా నాలుగింటికంటే సన్నని స్టెప్నీ ఇస్తారు. దాని మీద గంటకు 80 కిలోమీటర్లు మించకూడదని రాసి ఉంటుంది. అది ఊరు చేరడానికే.

స్టెప్నీలో గాలి ఎప్పుడూ మిగతా చక్రాలకంటే రెండు మూడు పాయింట్లు ఎక్కువే ఉంచుకోవడం మంచిది. వాడకపోయినా గాలి తగ్గుతుంది. నెలకోసారి పెట్రోలు బంకులో నాలుగు చక్రాలకు గాలి చూపించేటప్పుడు ఐదోది కూడా చూపించాలి. మా పంతొమ్మిది మందినీ ఆ రోజు కూర్చోబెట్టింది ఈ ఒక్క నిర్లక్ష్యమే.

వెంట ఉండాల్సినవి

ఒక సంచిలో పట్టేవే. ట్యూబ్‌లెస్ పంచర్ కిట్, అంటే పిడి ఉన్న గరుకు సూది, కన్నం ఉన్న మరో సూది, జిగురు పట్టిన పంచర్ స్ట్రిప్పులు, రబ్బరు సొల్యూషన్. ఇది కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. స్ట్రిప్పులు ఎండిపోయి బిరుసెక్కితే పనికిరావు, సొల్యూషన్ ట్యూబు ఒకసారి తెరిస్తే కొన్నాళ్లకు గట్టిపడుతుంది. ఏటా కొత్తవి పెట్టుకోవాలి.

గాలి కొట్టే సాధనం. కాలి పంపు చవక, ఎప్పుడూ మొరాయించదు, కానీ జీపు టైరుకు చాలాసేపు తొక్కాలి. బ్యాటరీకి క్లిప్పులు తగిలించే కంప్రెసర్ ఉంటే సుఖం. ఇంజను ఆన్‌లో ఉంచే వాడాలి, లేకుంటే బ్యాటరీ దిగిపోతుంది. లైటర్ సాకెట్‌లో పెట్టే చిన్నవి వేడెక్కుతాయి, మధ్యమధ్య ఆపి చల్లారనివ్వాలి.

గాలి చూసే గేజ్. బండికి సరిపడే జాకీ, వీల్ స్పానర్, ఆ స్పానర్ పిడికి తొడిగే రెండడుగుల ఇనుప గొట్టం. షాపుల్లో నట్లను గాలి గన్నుతో బిగిస్తారు. ఇంట్లో ఇచ్చిన పొట్టి స్పానర్‌తో అవి రావు, గొట్టం తొడిగితే వస్తాయి. జాకీ కింద వేయడానికి అడుగు చదరం చెక్క పలక. పటకారు, చాకు, సుద్దముక్క, సీసాలో సబ్బు నీళ్లు, టార్చి, చేతి తొడుగులు, పాత చాప. ఒకటి రెండు వాల్వు పిన్నులు.

ఇవన్నీ కలిపినా వంట గిన్నెలో సగం చోటు పట్టదు. వీటితో పాటు మందులు వాడేవారి మందులు బండిలోనే ఉండాలి. ఇన్సులిన్ అయితే చల్లటి సంచిలో.

ముందే కాస్త గాలి దించడం

రాళ్ల దారి మొదలయ్యే చోట ఆగి, నాలుగు టైర్లలో గాలి కొంత తగ్గిస్తే పంచర్లు తగ్గుతాయి. బిర్రుగా ఉన్న టైరు మొనదేలిన రాయి మీద బరువంతా ఒకే చోట మోపుతుంది. కాస్త మెత్తగా ఉన్నది రాయిని చుట్టుకుని దాటుతుంది. మామూలుగా 32 పాయింట్లు ఉంచే బండిలో 24 దాకా దించితే, కుటుంబంతో నిండుగా వెళ్లే బండికి చాలు. అంతకంటే దించితే సైడ్‌వాల్ బయటికి ఉబికి రాళ్లకు, మొడ్లకు తగులుతుంది. మలుపులో టైరు రిమ్ము నుంచి జారిపోయే ప్రమాదమూ ఉంది. ఇసుకలో కూరుకుపోయినప్పుడు ఇంకా కిందికి దించుతారు గానీ, అది నెమ్మదిగా బయటపడడానికి మాత్రమే.

తారు రోడ్డు ఎక్కగానే గాలి మళ్లీ నింపాలి. తక్కువ గాలితో వేగంగా వెళ్తే సైడ్‌వాల్ ఎక్కువగా వంగి వేడెక్కుతుంది, ఆ వేడికి టైరు పగలవచ్చు. అందుకే గాలి ఎక్కించే సాధనం లేనివాళ్లు గాలి దించనే కూడదు.

టైరు మెత్తబడిందని తెలియగానే

స్టీరింగు ఒక పక్కకు లాగుతుంది, వెనక చక్రమైతే బండి తోక ఊగినట్టు ఉంటుంది, లేదా బుస్సుమనే శబ్దం వినబడుతుంది. "అదిగో, ఆ చెట్టు దాకా వెళ్దాం" అనకండి. గాలి లేని టైరు మీద కొన్ని వందల మీటర్లు నడిపినా రిమ్ముకు, నేలకు మధ్య సైడ్‌వాల్ నలిగిపోతుంది. పది నిమిషాల్లో పోయే చిల్లు పారేయాల్సిన టైరుగా మారుతుంది. అయితే వాలులోనో, వాగు ఇసుకలోనో, మలుపులోనో ఆగితే పని చేయలేం. నాలుగడుగుల్లో చదునైన గట్టి నేల ఉంటే అక్కడిదాకా మాత్రం నెమ్మదిగా తీసుకెళ్లి ఆపండి.

అందరినీ దింపండి. పిల్లలను బండికి దిగువ పక్కన నిలబెట్టకండి. హ్యాండ్ బ్రేకు లాగి, గేరులో ఉంచి, మిగతా చక్రాలకు ముందు వెనక రాళ్లు పెట్టండి.

చిల్లు ఎక్కడ

ముందు కంటితో చూడండి. మేకు, మొడ్డు, ముల్లు కనిపిస్తే సగం పని అయినట్టే. కనిపించకపోతే కాస్త గాలి కొట్టి, చెవి దగ్గర పెట్టి వినండి, సబ్బు నీళ్లు చిలకరించి బుడగలు చూడండి. దొరికిన చోట సుద్దతో గుర్తు పెట్టండి. వాల్వు మీద కూడా ఒక చుక్క వేయండి. చాలాసార్లు దోషం టైరుది కాదు, లోపలి పిన్ను వదులై ఉంటుంది. పిన్ను బిగిస్తే సరిపోతుంది.

ఇప్పుడు ఆగి ఆలోచించాలి. చిల్లు ట్రెడ్‌లో ఉందా, భుజంలోనా, సైడ్‌వాల్‌లోనా? తర్వాతి పనంతా ఈ జవాబు మీద ఉంటుంది.

ట్రెడ్‌లో అయితే

ఇది ఎవరైనా చేయగల పని. చాలాసార్లు చక్రం విప్పనక్కరలేదు. ముందు చక్రమైతే స్టీరింగు తిప్పితే చిల్లు బయటికి వస్తుంది. వెనకదైతే బండిని కాస్త ముందుకు జరిపి చిల్లును చేతికి అందే చోటుకు తెచ్చుకోవాలి.

మేకును తొందరపడి లాగకండి. కిట్ తెరిచి, స్ట్రిప్పును సూది కన్నంలో సగానికి దూర్చి, సొల్యూషన్ రాసి, అంతా సిద్ధమయ్యాక లాగాలి. గాలి చాలా నెమ్మదిగా పోతూ, తారు రోడ్డు దగ్గరలోనే ఉంటే మేకును అలాగే ఉంచి, గాలి నింపుకుంటూ షాపు చేరడమే మంచిది.

లాగేటప్పుడు మేకు ఏ వాలులో దిగిందో గమనించండి. గరుకు సూదిని అదే వాలులో దూర్చి, ముందుకు వెనక్కు బాగా ఆడించాలి. చిల్లు లోపల గరుకైతేనే స్ట్రిప్పు పట్టుకుంటుంది. ఇది బలం కావలసిన పని, ఉక్కు తీగలు అడ్డు తగులుతాయి. తరువాత స్ట్రిప్పు ఉన్న సూదిని అదే దారిలో తోయాలి. రెండు కొసలు వేలి వెడల్పున బయట మిగిలేదాకా దించి, సూదిని మెలితిప్పకుండా ఒక్క ఊపున నేరుగా లాగాలి. సూది బయటికి వస్తుంది, స్ట్రిప్పు లోపల మడతపడి ఉండిపోతుంది.

గాలి కొట్టండి. సబ్బు నీళ్లు వేయండి. బుడగ లేకపోతే మిగిలిన కొసలను కొద్దిగా వదిలి చాకుతో కోయండి. టైరుకు పూర్తిగా ఆనించి కోయకూడదు. చిల్లు పెద్దదై బుడగలు ఆగకపోతే పక్కనే రెండో స్ట్రిప్పు దూర్చవచ్చు. కొన్ని కిలోమీటర్లు నెమ్మదిగా వెళ్లి, ఆగి, గాలి మళ్లీ చూడండి.

ఊరు చేరాక షాపులో టైరు విప్పించి లోపలి నుంచి ప్యాచ్ వేయించుకోవాలి. 6 మిల్లీమీటర్లు దాటిన చిల్లుకు ఆ ప్యాచ్ కూడా మంచిది కాదు. టైరులో పోసే ద్రవం సీసాలు కూడా అమ్ముతున్నారు. ట్రెడ్‌లో సన్న చిల్లుకు అవి పనిచేస్తాయి. వాడితే షాపు మేస్త్రికి ముందే చెప్పండి, లేకుంటే విప్పగానే ఆయన మీద పడుతుంది.

చక్రం మార్చాల్సి వస్తే

నట్లను చక్రం నేల మీద ఉండగానే అర చుట్టు వదులు చేయాలి. లేపాక చేస్తే చక్రం తిరుగుతుంది, బండి ఊగుతుంది. జాకీ కింద చెక్క పలక వేయండి, కొండ మట్టిలో జాకీ దిగబడుతుంది. బండి లేపగానే స్టెప్నీని బండి అంచు కిందికి పడుకోబెట్టి తోయండి. జాకీ జారినా బండి దాని మీద ఆగుతుంది, మనిషి కాలి మీద పడదు. విప్పిన చక్రాన్ని ఆ స్థానంలోకి తోసి, అప్పుడు స్టెప్నీ బయటికి తీయండి. జాకీ మీద ఉన్న బండి కిందికి ఎవరూ దూరకూడదు.

నట్లు వరుసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలి. చక్రం దించాక మళ్లీ గట్టిగా బిగించాలి. ఓ 50 కిలోమీటర్ల తర్వాత మరోసారి చూడాలి.

టైరు రిమ్ము నుంచి జారితే

గాలి తక్కువగా ఉండి రాయి పక్కకు నెట్టినప్పుడు ఇలా అవుతుంది. టైరు బాగానే ఉంటుంది, అంచు మాత్రం ఊడుతుంది. చక్రాన్ని నేల నుంచి లేపి, అంచులోని మట్టి, ఆకులు తుడిచి, సబ్బు నీళ్లు రాయాలి. ట్రెడ్ మధ్యలో చుట్టూ గట్టి తాడు కట్టి, కర్రతో మెలిపెట్టి బిగిస్తే అంచులు రెండు పక్కలకూ ఉబికి రిమ్ముకు ఆనుతాయి. వాల్వు పిన్ను తీసేసి కంప్రెసర్‌తో గాలి కొడితే వేగంగా ఎక్కుతుంది. అంచు టప్పుమని కూర్చుంటుంది. అంచు ఆనగానే తాడు వదులు చేయాలి. సైడ్‌వాల్ మీద రాసిన గరిష్ఠ పాయింట్లు దాటకూడదు, కొట్టేటప్పుడు టైరుకు ఎదురుగా ముఖం పెట్టకూడదు. తరువాత పిన్ను బిగించి సరైన గాలి పెట్టుకోవాలి.

పెట్రోలు చల్లి నిప్పంటిస్తే టైరు ఎక్కుతుందని వీడియోల్లో చూపిస్తారు. దయచేసి ఆ జోలికి పోవద్దు. అడవిలో, పిల్లల మధ్య, ఎండుటాకుల మీద ఆ పని చేయడం కంటే రాత్రంతా అక్కడే కూర్చోవడం మేలు.

సైడ్‌వాల్ అయితే

ఇక్కడే మా రెండో అనుభవం చెప్పాలి. నిరుడు వేసవిలో మా సభ్యులొకరి కుటుంబంతో కలిసి వాళ్ల కాఫీ తోట నుంచి సాలూరులో పెళ్లికి బయలుదేరాం. పెళ్లికూతురికి ఆయన స్వయానా మేనమామ, రాత్రి ముహూర్తానికి బుట్ట ఎత్తాల్సిన మనిషి. తోట దారిలో ముందు చక్రం పోతే స్టెప్నీ వేశాం. మరో రెండు కిలోమీటర్లలో వెనక చక్రం సైడ్‌వాల్‌ను రాయి కోసింది. ఆయన దగ్గర కిట్ ఉంది, పనీ వచ్చు. మూడు స్ట్రిప్పులు దూర్చి గాలి కొట్టారు. గాలి నిలిచింది.

"గాలి ఆగింది కదా బాబాయ్, నెమ్మదిగా దిగిపోదాం. తొమ్మిదికల్లా సాలూరులో ఉంటాం" అన్నారు.

"నాయనా, ఆగిందే కానీ, పొట్టంగి దాటాక ఘాట్ ఉంది. బండిలో ఏడుగురం. మలుపులో అది ఊడితే?" అన్నాం.

"ఇంతకంటే పెద్ద చీలికతో లారీలు దిగుతాయి."

"లారీకి పక్కన జంట చక్రం ఉంటుంది. మనకు లేదు."

చాలాసేపు మాటలు నడిచాయి. ఆయన భార్య ఆయన వైపే మాట్లాడారు. ఆడపడుచు కూతురి పెళ్లి, మేనమామ లేకుండా ఎలా అన్నారు. ఆవిడ మాటలో తప్పు లేదు. చివరకు తోట కాపలాదారు మోటారు సైకిల్ మీద ఆయన ఒక్కరే తారు రోడ్డు దాకా వెళ్లి, అక్కడ సాలూరు వెళ్లే లారీ ఎక్కారు. మేనమామ బుట్ట ఎత్తారు. మేము, ఆవిడ, పిల్లలు బండిని మనిషి నడక వేగంతో తోట ఇంటికి తీసుకొచ్చి అక్కడే పడుకున్నాం. పెళ్లి చూడలేదు.

తెల్లవారి చూస్తే ఆ చక్రం సగం దిగి ఉంది. సాలూరు లారీల ఊరు, టైరు పనివాళ్లకు కొదవ లేదు. టైరును అక్కడికి పంపితే మేస్త్రి విప్పి లోపలి పక్క చూపించారట. బయట చిటికెన వేలి గోరంత కనిపించిన కోత, లోపల రెండు వేళ్ల వెడల్పున దారాలు తెంపేసింది. స్ట్రిప్పులు గాలిని ఆపాయి, బరువును మోసేది ఆ దారాలు. అవి లేని టైరు ఘాట్ మలుపులో ఏం చేస్తుందో చెప్పనక్కరలేదు.

కాబట్టి మా నియమం ఇది. సైడ్‌వాల్, భుజం చిల్లులకు స్టెప్నీయే మందు. స్టెప్నీ లేకపోతే స్ట్రిప్పు వేసుకోవచ్చు, కానీ మనుషులను దింపి, బరువు తగ్గించి, ప్రమాదం లేని దగ్గరి చోటికి నడక వేగంతో చేరడానికి మాత్రమే. ఘాట్ దిగడానికి కాదు, తారు రోడ్డు మీద వేగానికి కాదు. కోత పెద్దదైతే లోపల పాత టైరు ముక్క పెట్టి ట్యూబు వేసే పద్ధతి ఉంది. టైరు రిమ్ము నుంచి విప్పడం వచ్చినవాళ్లు, లివర్లు ఉన్నవాళ్లు చేయగలరు. అది కూడా ఊరు చేరడానికే, మర్నాడు ఆ టైరు మార్చాల్సిందే. ఒంటరిగా ఒక్క బండితో లోతు అడవికి వెళ్లేవాళ్లు ఒక ట్యూబు వెంట ఉంచుకోవడం మంచిది.

ఎక్కడికి వెళ్తున్నామో, ఎప్పటికి రావాలో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లండి. రాకపోతే వెతకాల్సిన దారి వాళ్లకు తెలియాలి.

ఇంటి ముందే నేర్చుకోండి

ఇదంతా చదివి దాచుకుంటే రాదు. పంచర్ షాపులో పారేయబోయే ట్యూబ్‌లెస్ టైరు ఒకటి రిమ్ముతో అడిగి తెచ్చుకుని, మేకు కొట్టి, తీసి, స్ట్రిప్పు వేసి చూడండి. మా సంఘం ఆవరణలో ఈ పని చేశాం. మొదటిసారి ఒక్కొక్కరికి అరగంట పట్టింది, మూడోసారికి పావుగంటలో అయింది. ఆడపిల్లలు ముందు నేర్చుకున్నారు. మగవాళ్లలో సగం మంది "మాకు తెలుసులే" అని కుర్చీల్లోనే కూర్చున్నారు. వాళ్లను మళ్లీ పిలుస్తాం.

ఇప్పుడు మా వన సమారాధన జాబితాలో చివరి పేజీ టైర్లది. బయలుదేరే ముందు రోజు ప్రతి బండికి ఐదు చక్రాల గాలి, కిట్, పంపు, పలక చూసి సంతకం పెట్టాలి. గుమస్తా బుద్ధి పోలేదని మా వాళ్లు నవ్వుతారు. ఆ రెండో పెళ్లి బండిలో ఉన్న ఆవిడ ఇప్పటికీ మాతో ముభావంగానే ఉంటారు. కానీ ఈ కార్తీకానికి వాళ్ల బండి కాగితం మీద సంతకం ఆవిడదే. గేజ్ తెప్పించుకుని ఐదు చక్రాలూ ఆవిడే చూసుకున్నారు.